కర్త లేని జవాబు: పదో తరగతి జీవావరణ పాఠాల పరీక్షాభాష – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

జీవావరణశాస్త్రం జీవులకూ వాటి పరిసరాలకూ మధ్య గల సంబంధాలను వివరించే శాస్త్రం. తెలుగు మాధ్యమంలో పదో తరగతి విద్యార్థి ఈ శాస్త్రాన్ని ఎక్కువగా పరీక్షకు సన్నద్ధమయ్యే క్రమంలోనే చదువుతాడు. అప్పుడు అతని చేతికి వచ్చేది పారిభాషిక పదాలు, నిర్వచనాలు, భేదాలు, అంశాలుగా విడగొట్టిన జవాబులు. ఈ భాషలో సంబంధాలను చెప్పే క్రియాపదాలు తగ్గి, నామపదాలు పెరిగాయనీ, జరిగిన సంఘటనలు కాలాన్నీ కర్తనూ కోల్పోయాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కొన్ని పారిభాషిక పదాలు, కొల్లేరు పాఠం, చైనా పిచ్చుకల ఉదంతం, ‘అభినందించడం’ అనే విద్యాప్రమాణం ఇందుకు ఆధారాలు. జనవ్యవహారంలోని పదసంపద ఈ లోటును ఎంతవరకు పూరించగలదో చివరి భాగం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జీవావరణశాస్త్రం, పరీక్షాభాష, పారిభాషిక పదాలు, తద్ధర్మక్రియ, కొల్లేరు, తెలుగు మాధ్యమం.

1. ఉపోద్ఘాతం:

1866లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ జీవావరణశాస్త్రానికి పేరు పెట్టినప్పుడు ‘ఇల్లు’ అనే అర్థం గల గ్రీకు పదాన్ని ఆధారం చేసుకున్నాడు. జీవి తన ఇంటితో, ఇంట్లోని ఇతరులతో ఎలా మెలగుతుందన్నది ఈ శాస్త్రపు మూలప్రశ్న. 1927లో చార్లెస్ ఎల్టన్ ఆహారపు గొలుసులను, సంఖ్యా పిరమిడ్‌ను వివరించాడు. 1935లో ఆర్థర్ టాన్స్లే జీవులను, వాటి భౌతిక పరిసరాలను కలిపి ఒకే వ్యవస్థగా చూడాలని చెప్పి దానికి పేరు పెట్టాడు. 1942లో రేమండ్ లిండెమన్ ఒక పోషకస్థాయి నుంచి మరొక స్థాయికి శక్తి ఎలా చేరుతుందో లెక్కగట్టే మార్గం చూపాడు. ఈ నలుగురి కృషిలోనూ కేంద్రంగా ఉన్నది వస్తువు కాదు, వస్తువుల మధ్య నడిచే వ్యాపారం.

తెలుగులో ఈ శాస్త్రానికి ‘ఆవరణశాస్త్రం’, ‘జీవావరణశాస్త్రం’ అనే పేర్లు స్థిరపడ్డాయి. సంస్కృతంలో ఆవరణానికి కప్పు, తెర అనే అర్థాలున్నా, తెలుగు వ్యవహారంలో ఆవరణ అంటే ఇంటి చుట్టూ ఉండే జాగా, బడి చుట్టూ ఉండే జాగా. హెకెల్ తలచిన ‘ఇల్లు’కు ఇది చాలా దగ్గరి మాట. పేరు ఇంత చక్కగా కుదిరిన శాస్త్రం పరీక్ష గదికి చేరేసరికి తన ఇంటినీ ఇంటివాళ్లనూ ఎలా పోగొట్టుకుంటున్నది? ఈ ప్రశ్నకు సమాధానాన్ని సిలబస్‌లో కన్నా జవాబు రాసే భాషలో వెతకాలి.

2014–15 విద్యాసంవత్సరంలో అమలులోకి వచ్చిన పదో తరగతి జీవశాస్త్ర పుస్తకంలోని పర్యావరణ పాఠం, దాని చుట్టూ గైడ్లలోనూ ప్రశ్ననిధులలోనూ దినపత్రికల విద్యా అనుబంధాలలోనూ రూపొందిన జవాబుల ధోరణి ఈ పరిశీలనకు ఆధారం. పుస్తకాలు మారినా జవాబుల ధోరణి అంత త్వరగా మారదు కాబట్టి ఈ చర్చ ఏదో ఒక పుస్తకానికి పరిమితమైనది కాదు.

2. పారిభాషిక పదాల నేపథ్యం:

శాస్త్రాన్ని తెలుగులో చెప్పాలన్న ప్రయత్నానికి శతాబ్దానికి మించిన చరిత్ర ఉంది. 1906లో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి ఆ మార్గంలో గట్టి అడుగు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడిన తరువాత ఉన్నత విద్యకు కావలసిన పాఠ్యపుస్తకాలు, పారిభాషిక పదకోశాలు పెద్ద ఎత్తున వచ్చాయి. అనేక శాస్త్రాలకు ఒకేసారి వేలాది పదాలు కావలసి వచ్చినప్పుడు సంస్కృతాన్ని ఆశ్రయించడం సహజం. ఒక ధాతువు నుంచి పదకుటుంబాన్ని నిర్మించుకునే సౌలభ్యం అందులో ఉంది. ‘కిరణజన్య సంయోగక్రియ’ వంటి మాట నోరు తిరగడానికి కష్టమైనా, విడదీసి చెబితే తన అర్థాన్ని తానే చెప్పుకుంటుంది. కనుక సంస్కృత పదం కావడమే దోషమన్న వాదన నిలవదు.

అయితే ఇదే కాలంలో మరో పదసంపద కూడా అచ్చులోకి వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో 1962లో ప్రచురించింది. నేల, నీరు, ఎరువు, పురుగు, పంట – వీటి గురించి రైతులు వాడే మాటలు అందులో ఉన్నాయి. జీవావరణశాస్త్రం మాట్లాడేది కూడా వీటి గురించే. ఒకటి విశ్వవిద్యాలయం కోసం, మరొకటి వృత్తుల భాషను భద్రపరచడం కోసం పుట్టిన ఈ రెండు పదసంపదలు బడి పుస్తకంలో కలుసుకోవలసినంతగా కలుసుకోలేదు. ఆ ఎడం ఫలితాన్ని కొన్ని పదాలలో స్పష్టంగా చూడవచ్చు.

3. పదాలు – ధ్వనులు:

పారిభాషిక పదానికి నిర్వచనంతో పాటు ధ్వని కూడా ఉంటుంది. ఆ మాట అంతకుముందు ఎక్కడ వినిపించిందో ఆ చోటు వాసన దానికి అంటుకునే ఉంటుంది. పరీక్షకు చదివే పిల్లవాడు నిర్వచనాన్ని కంఠస్థం చేస్తాడు, ధ్వనిని తెలియకుండానే గ్రహిస్తాడు.

3.1 ఉత్పత్తిదారు, వినియోగదారు, విచ్ఛిన్నకారి:

మొక్కలు ఉత్పత్తిదారులు, జంతువులు వినియోగదారులు, బాక్టీరియా, శిలీంధ్రాలు విచ్ఛిన్నకారులు. ఈ మూడు మాటలూ రాయకుండా ఈ పాఠంలో ఉత్తీర్ణత అసాధ్యం. మొదటి రెండూ ఆంగ్లంలోనే అర్థశాస్త్రం నుంచి అరువు తెచ్చుకున్నవి; తెలుగు ఆ అరువును యథాతథంగా స్వీకరించింది. విద్యార్థికి వినియోగదారు అంటే సరుకు కొనేవాడు, వినియోగదారుల హక్కులు ఉన్నవాడు. సరుకు వాడుకోవడంతో అతని కథ ముగుస్తుంది. కానీ ఆవు గడ్డి మేయడంతో ఆవు కథ ముగియదు. దాని పేడ పెంటకుప్పకు చేరి, మగ్గి, ఎరువై, తిరిగి గడ్డికి చేరుతుంది. జవాబుపత్రంలో ఆవు ‘ప్రాథమిక వినియోగదారు’గా మిగిలిపోయినప్పుడు ఈ తిరుగు ప్రయాణం కనిపించదు.

మూడవ పదం మరింత ఆలోచించదగినది. ‘విచ్ఛిన్నం’ అన్న మాట విద్యార్థికి వార్తల ద్వారా పరిచయం. దేశాన్ని చీల్చే శక్తులు విచ్ఛిన్నకర శక్తులు. ఆ మాటను, లోకంలోని మృతపదార్థాన్నంతా మళ్లీ నేలకు అప్పగించే జీవులకు పెట్టారు. నిర్వచనం దృష్ట్యా పదంలో తప్పులేదు. సంక్లిష్ట పదార్థాలను సరళ పదార్థాలుగా విడగొట్టడమే ఆ జీవుల పని. కానీ విడగొట్టడం సగం పని మాత్రమే. తిరిగి ఇవ్వడం మిగతా సగం. తెలుగు రైతు వ్యవహారంలో ‘కుళ్లడం’, ‘చివకడం’, ‘మగ్గడం’ వేరువేరు. కుళ్లడంలో చెడిపోవడం ఉంది, చివకడంలో బలం కోల్పోవడం ఉంది, మగ్గడంలో పక్వానికి రావడం ఉంది. మగ్గిన పెంట, మగ్గిన మామిడిపండు – రెండింటికీ భాష ఒకే క్రియను వాడుతున్నది. చావు నుంచి సారం పుట్టడాన్ని సూచించే ఈ క్రియ పాఠంలో విచ్ఛిన్నకారుల పక్కన ఒక్కసారి కనిపించినా, ఆ పదం ధ్వని మారి ఉండేది.

3.2 గొలుసు, జాలకం:

‘ఆహారపు గొలుసు’ చక్కని పదం. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని వరుసగా చెప్పగానే పిల్లవాడికి అర్థమవుతుంది. ‘ఆహార జాలకం’ దగ్గర మాత్రం ఒక మెట్టు తప్పుతుంది. జాలకం అంటే వల. ఏటి ఒడ్డునో చెరువు గట్టునో పెరిగిన పిల్లలకు వల అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఒక ముడి తెగితే పక్క ముళ్ల మీద లాగుడు పెరుగుతుందనీ, చిరుగు పెద్దదైతే వల మొత్తం పనికిరాదనీ వారికి తెలుసు. అలాగని ‘ఆహారపు వల’ అనడంలోనూ చిక్కుంది. తెలుగులో వల అనగానే పడడం, చిక్కుకోవడం గుర్తుకు వస్తాయి. అందుచేత జాలకాన్ని తొలగించమనడం కన్నా, జాలకమంటే వల అల్లికేనని చెప్పే ఒక్క వాక్యం పాఠంలో ఉండాలనడం సమంజసం. గైడ్లలో ఈ వాక్యానికి చోటు ఉండదు, ఎందుకంటే దానికి మార్కు లేదు.

3.3 వ్యవస్థాపనం, వృద్ధీకరణం:

పురుగుమందులు, భారలోహాలు జీవి దేహంలో చేరి నిలిచిపోవడాన్ని తెలుగు మాధ్యమ పుస్తకాలలో ‘జైవిక వ్యవస్థాపనం’ అనీ, ఆహారపు గొలుసులో పైకి పోయేకొద్దీ వాటి గాఢత పెరగడాన్ని ‘జైవిక వృద్ధీకరణం’ అనీ అంటున్నారు. ఈ రెంటికీ భేదాలు రాయమనడం పరీక్షలలో పరిపాటి. విద్యార్థులు తరచూ ఒకదానికి బదులు మరొకటి రాస్తారంటే అందులో ఆశ్చర్యం లేదు.

సంస్థను నెలకొల్పినవాడిని వ్యవస్థాపకుడు అంటారు. వ్యవస్థాపనం అంటే స్థాపించడం, ఒక ఏర్పాటులో పెట్టడం. విషం దేహంలో చేరడానికి ఈ మాట వాడితే, విషమే అక్కడ ఏదో మంచి ఏర్పాటు చేసినట్లు ధ్వనిస్తుంది. వృద్ధి సంగతీ అంతే. వంశవృద్ధి, ఆర్థికవృద్ధి, అభివృద్ధి – తెలుగులో వృద్ధి దాదాపు ఎప్పుడూ శుభమే. రెండు శుభపదాలతో ఒక ప్రమాదాన్ని చెప్పవలసి రావడం వల్ల విద్యార్థికి పదం దారి చూపదు. నిర్వచనాన్ని గుడ్డిగా పట్టుకోవలసి వస్తుంది.

వ్యవహారంలో ఈ అర్థానికి సరిపోయే క్రియ సిద్ధంగా ఉంది: ‘పేరుకోవడం’. చమురు పేరుకుంటుంది, పూడిక పేరుకుంటుంది, బాకీలు పేరుకుపోతాయి. నెమ్మదిగా, కంటికి కనపడకుండా, వదలకుండా చేరడం ఆ మాటలో ఉంది. ఇక రెండవ ప్రక్రియకు ప్రతి ఇంటికీ తెలిసిన పోలిక చక్రవడ్డీ. ఎన్.సి.ఇ.ఆర్.టి. పన్నెండో తరగతి జీవశాస్త్ర పుస్తకం ద్వారా పరిచితమైన డి.డి.టి. ఉదాహరణనే చూస్తే, జంతుప్లవకాలలో 0.04 పీపీఎం ఉన్నది చిన్న చేపల్లో 0.5, పెద్ద చేపల్లో 2, చేపలను తినే పక్షుల్లో 25 పీపీఎం అవుతుంది. అంటే మూడు మెట్లలో 625 రెట్లు. ప్రతి మెట్టూ కిందటి మెట్టు మొత్తం మీద లెక్క. ఒకే జీవి దేహంలో చేరడం పేరుకోవడం. దేహం నుంచి దేహానికి రెట్లు కట్టడం వృద్ధీకరణం. ఈ వివరణ విన్నవారికి భేదాల పట్టిక కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదు.

4. జవాబు వ్యాకరణం: కర్త, కాలం, కారణం:

పదాల కన్నా లోతైన సమస్య వాక్యంలో ఉంది. పరీక్షా జవాబుల భాషలో రెండు లక్షణాలు ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. ఒకటి ‘జరుగును’, ‘ఏర్పడును’, ‘కలుగును’ వంటి తద్ధర్మక్రియలు. మిగతా రచన అంతా వ్యావహారికంలోకి వచ్చినా, అంశాలవారీ జవాబులలో ఈ గ్రాంథిక రూపాలు ఇంకా పట్టుదలగా నిలిచి ఉన్నాయి. రెండవది ‘-బడు’ ప్రయోగం: ‘విడుదల చేయబడును’, ‘తొలగించబడినవి’. ఈ రెండింటికీ వాటివాటి ఉచితస్థానాలు ఉన్నాయి. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నప్పుడు తద్ధర్మక్రియ నిత్యసత్యాన్ని చెబుతుంది. శక్తి ఒక పోషకస్థాయి నుంచి మరొక స్థాయికి సుమారు పది శాతం చేరును అన్నప్పుడూ అది సరిపోతుంది. కానీ ఒక చోట, ఒక కాలంలో, కొందరు చేసిన పనుల ఫలితాన్ని ఇదే క్రియలో చెప్పినప్పుడు చరిత్ర ప్రకృతి ధర్మంగా మారిపోతుంది.

4.1 కొల్లేరు:

పర్యావరణ పాఠంలో కొల్లేరు కథ ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు చేరుతాయి. ఉప్పుటేరు దాని నీటిని సముద్రానికి చేరుస్తుంది. 1970లు, 1980లలో చేపల చెరువులు సరస్సు గర్భంలోకి విస్తరించాయి. పొలాల నుంచి ఎరువులు, పురుగుమందులు కలిసిన నీరు, పట్టణాల మురుగు దానిలోకి వచ్చి చేరాయి. 1999లో ప్రభుత్వం దానిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట చేపల చెరువుల గట్లను తెగ్గొట్టారు.

ఇందులో ఎందరో కర్తలున్నారు: చెరువులు తవ్వించినవారు, అనుమతించినవారు, కూలికి తవ్వినవారు, వలతో బతికినవారు, గట్లు తెగ్గొట్టినవారు, తెగినప్పుడు జీవనం కోల్పోయినవారు. వీరి ప్రయోజనాలు ఒకటి కావు. జవాబు అంశాలుగా మారినప్పుడు ఈ కర్తలందరూ ‘మానవ కార్యకలాపాలు’ అనే ఒక్క నామపదంలో కలిసిపోతారు. ‘మానవ కార్యకలాపాల వల్ల సరస్సు కలుషితమగును, జీవవైవిధ్యం తగ్గును, వలస పక్షులు తగ్గును’ అన్నది ఈ జవాబుల ధోరణి. దీనిలో అబద్ధం ఏమీ లేదు. కానీ కొల్లేరు పేరు తీసి మరే సరస్సు పేరు పెట్టినా ఈ జవాబు చెల్లుతుంది. వలవేసి పూట గడుపుకున్న మనిషీ, వందల ఎకరాల చెరువుల యజమానీ ‘మానవులు’గా సమానులైపోతారు. బాధ్యత అందరికీ సమంగా పంచినప్పుడు అది ఎవరి మీదా నిలవదు.

ఇదే కొల్లేరును అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవలలో రాశారు. సరస్సుతో ముడిపడిన ఊళ్ల జీవనం, దాని మార్పు ఆ రచనకు వస్తువు. నవల పరీక్షకు పనికివచ్చే జవాబు కాదు, కానవసరమూ లేదు. కానీ నీరు, చేప, మనిషి, డబ్బు ఒకదానినొకటి ఎలా కదిలిస్తాయో చెప్పడానికి తెలుగు వాక్యానికి శక్తి ఉన్నదనడానికి అది నిదర్శనం. కాబట్టి లోపం భాషది కాదు, ఆ భాషను కత్తిరించిన తీరుది.

4.2 పిచ్చుకలు:

అదే పాఠంలో చైనా పిచ్చుకల ఉదంతం వస్తుంది. 1958లో చైనాలో ఎలుకలు, ఈగలు, దోమలు, పిచ్చుకలు అనే నాలుగింటిని నిర్మూలించే ఉద్యమం మొదలైంది. గింజలు తింటున్నాయని పిచ్చుకలను చంపారు. పిచ్చుకలు పురుగులను కూడా తింటాయన్న సంగతి తరువాత పట్టించుకున్నారు. 1960లో ఆ జాబితాలో పిచ్చుకల స్థానంలో నల్లులు చేరాయి. ఈలోగా పంటలకు పురుగుల తాకిడి పెరిగింది. 1959–61 మధ్య చైనా ఘోరమైన కరువును చూసింది.

ఈ కథ విద్యార్థులకు బాగా గుర్తుంటుంది. కారణం, ఇది కథ. ఒకదాని తరువాత ఒకటి జరుగుతుంది. అయినా జవాబులో ఇది ‘పిచ్చుకలను చంపుట వలన మిడతలు పెరిగి కరువు ఏర్పడెను’ అన్న ఒక్క అంశానికి కుదించుకుపోతుంది. ఆనాటి కరువుకు పిచ్చుకల వధ ఒక్కటే కారణం కాదు. గ్రేట్ లీప్ ఫార్వర్డ్ కాలపు ధాన్య సేకరణ విధానాలు, పెంచి చెప్పిన దిగుబడి లెక్కలు, వ్యవసాయ వ్యవస్థలో బలవంతపు మార్పులు ప్రధాన కారణాలుగా చరిత్రకారులు గుర్తించారు. ఆవరణ వ్యవస్థలో ఒక ఫలితానికి పలు కారణాలు ఉంటాయన్నది జీవావరణశాస్త్రపు తొలిపాఠం. ఆ పాఠానికి ఉదాహరణగా ఇచ్చిన కథే ‘వలన’ అనే ఒక్క ప్రత్యయంతో ఏకకారణ సూత్రంగా మారిపోవడం గమనించదగినది.

5. ‘ఎలా అభినందిస్తావు?’:

ఉమ్మడి రాష్ట్రంలో చివరిసారి రూపొందించిన విజ్ఞానశాస్త్ర పుస్తకాలు విషయావగాహనతో పాటు ప్రశ్నించడం, ప్రయోగాలు, సమాచార నైపుణ్యాలు, బొమ్మలు గీయడం, అభినందించడం, నిజజీవిత వినియోగం వంటి విద్యాప్రమాణాలను ముందుంచాయి. కంఠస్థానికి అడ్డుకట్ట వేయాలన్న సదుద్దేశం వాటిలో స్పష్టం. అందులో అభినందన ప్రమాణం నుంచి పుట్టిన ప్రశ్నారూపం తెలుగు విద్యార్థులందరికీ పరిచితం: ఫలానా జీవి పాత్రను, ఫలానా ప్రక్రియను నీవు ఎలా అభినందిస్తావు?

తెలుగులో అభినందించేది గెలిచినవారిని, పుట్టినరోజు జరుపుకునేవారిని. ఆంగ్లమూలంలోని మాటకు మెచ్చుకోవడం, విలువను గుర్తించడం అనే రెండు అర్థాలున్నాయి. ఈ సందర్భానికి కావలసినది రెండవది. తెలుగు పదంలో మొదటి అర్థమే పైకి వచ్చింది. ఫలితంగా విచ్ఛిన్నకారులను అభినందించమంటే విద్యార్థి వాటికి ప్రశంసాపత్రం రాస్తాడు: అవి చాలా గొప్పవి, అవి లేకపోతే భూమి చెత్తకుప్ప అవుతుంది, కాబట్టి వాటిని అభినందిస్తున్నాను. పరిశీలన నుంచి పుట్టవలసిన ఆశ్చర్యం ముందే తయారుచేసిన ప్రశంసగా మారింది. గైడ్లు ఈ ప్రశంసను కూడా అంశాలుగా విభజించి అందిస్తున్నాయి. నినాదాలు రాయమనే ప్రశ్న, కరపత్రం తయారు చేయమనే ప్రశ్న కూడా ఇదే దారి పట్టాయి. కంఠస్థాన్ని ఆపడానికి వచ్చిన ప్రశ్న కంఠస్థానికి మరో అంశాన్ని సమకూర్చింది. ‘విలువను ఎలా గుర్తించావు? ఏమి చూసి గుర్తించావు?’ అని అడిగి ఉంటే, జవాబులో కనీసం ఒక పరిశీలన చోటుచేసుకునేది.

6. లోకం చేసిన పదాలు:

పారిభాషిక పదాలు పండితులు మాత్రమే చేస్తారన్న అభిప్రాయానికి కొల్లేరే సమాధానం చెబుతుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువులను కప్పేసిన నీటిమొక్కకు తెలుగువారు ‘గుర్రపు డెక్క’ అని పేరు పెట్టారు. ఆకు ఆకారం చూసి పెట్టిన పేరు అది. మరో పరదేశి కలుపుమొక్కకు ‘వయ్యారిభామ’ అన్నారు. తెల్లని పూలతో ఊగే ఆ మొక్క తాకితే ఒంటికి దురద. అందాన్నీ అపాయాన్నీ ఆ పేరు ఒకే మాటలో ఇరికించింది. ఎర్రని వీపు మీద నల్లని చుక్కలున్న పెంకుపురుగు ‘అక్షింతల పురుగు’. అది పైరుకు పట్టే పేనుబంకను తింటుంది. పేరులోని మంగళధ్వనికి ఆ పురుగు తగినదే. కొల్లేటి పక్షులలో పెద్దది ‘గూడబాతు’. గూడ అంటే నీరు తోడే బుట్ట. ముక్కు కింద సంచి గల ఆ పక్షి నీటినీ చేపలనూ కలిపి తోడుకునే తీరు పేరు వినగానే కళ్లకు కడుతుంది.

ఈ పేర్లన్నిటిలో ఒక ఉమ్మడి లక్షణం ఉంది. ఇవి చూపు నుంచి పుట్టాయి. చూసినవాడి పనిముట్లు, పూజలు, పరిహాసాలు వాటిలో ఉన్నాయి. ఒక మొక్క ఈ నేలకు వచ్చిన తరువాత దానికి పేరు పెట్టగలిగారంటే జనవ్యవహారానికి పదసృష్టి శక్తి ఇంకా తరగలేదన్నమాట. వ్యవసాయ విస్తరణ కార్యక్రమాలు ఈ శక్తిని గుర్తించాయి. ‘మిత్రపురుగులు’, ‘శత్రుపురుగులు’, ‘ఎరపంట’ వంటి మాటలు అలా ప్రచారంలోకి వచ్చి రైతుల నోళ్లలో నిలిచాయి. అవి పరభక్షణనూ ఆహారసంబంధాలనూ చెప్పే పదాలే. పొలంలో తండ్రి వాడే పదమూ, అదే విషయం మీద బడిలో కొడుకు రాసే పదమూ ఒకరికొకరు తెలియనట్లు ఉండడం ఈ పాఠానికి జరుగుతున్న నష్టం.

జనపదాలకు పరిమితులు ఉన్నాయి. ఒకే మొక్కకు ప్రాంతానికో పేరు ఉంటుంది. శత్రువు, మిత్రుడు అన్న విభజన మనిషి పంట దృష్ట్యా చేసినదే తప్ప ఆవరణ వ్యవస్థ దృష్ట్యా కాదు. శాస్త్రానికి కావలసిన నిర్దిష్టత కోసం పారిభాషిక పదం తప్పదు. కాబట్టి ఒకదాని స్థానంలో మరొకటి అన్నది కాదు ప్రతిపాదన. ఒకదాని పక్కన మరొకటి.

7. అంశాల పక్షాన ఒక మాట:

అంశాలవారీ జవాబును తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. లక్షలాది పత్రాలను వేర్వేరు ఉపాధ్యాయులు దిద్దేటప్పుడు అందరికీ ఒకే కొలత ఉండాలి. అంశాలు ఆ కొలతను ఇస్తాయి. ఇంట్లో చదువు చెప్పేవారు లేని పిల్లలకు, కుటుంబంలో తొలిసారి పదో తరగతి రాస్తున్నవారికి నాలుగు అంశాల జవాబు ఒక నిచ్చెన. స్వంత వాక్యం రాయమని అడిగినప్పుడు ముందుగా నష్టపోయేది, రాయడంలో సాధన తక్కువ ఉన్నవారే. పరీక్షాభాషను విమర్శించేవారు ఈ సంగతిని మరచిపోకూడదు.

అయితే నిచ్చెన ఎక్కించవలసింది మేడ మీదికి. అంశాన్ని నిలుపుకుంటూనే దానిలోకి క్రియను తీసుకురావడం సాధ్యమే. దీనికి కొత్త పుస్తకం అక్కరలేదు, సన్నద్ధత పద్ధతిలో చిన్న మార్పు చాలు. ఊరి చెరువునొకదాన్ని తీసుకుని పాఠం మొత్తాన్ని దాని మీద నడపవచ్చు. గుర్రపు డెక్క నీటిని కప్పితే వెలుతురు లోపలికి దిగదు, లోపలి మొక్కలు చస్తాయి, కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరుగుతుంది, చేపలు తేలతాయి, చేపల కోసం వచ్చిన కొంగ మరో చెరువు వెతుక్కుంటుంది. ఇవి అయిదు అంశాలే. దిద్దేవారికి అయిదు చోట్ల గుర్తు పెట్టుకునే వీలూ ఉంది. కానీ ఏ అంశాన్నీ ముందున్న దాని నుంచి విడదీయలేము. వరుస మరచిపోయినవాడు కూడా ఆలోచించి మళ్లీ పట్టుకోగలడు. జాబితాలో ఒక అంశం పోతే పోయినట్లే. కారణాల వరుసలో పోయినదాన్ని పక్కవి పిలుచుకువస్తాయి. పరీక్ష దృష్ట్యా చూసినా ఇది లాభసాటి.

కొల్లేరు జవాబుకూ ఇదే వర్తిస్తుంది. ప్రతి అంశంలో ఎవరు, ఎప్పుడు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం ఉండాలని నియమం పెట్టుకుంటే, ‘కలుషితమగును’ తనంతట తానే ‘కలుషితం చేశారు’గా మారుతుంది. ఆ ఒక్క క్రియా మార్పుతో సరస్సు ఎక్కడో ఉన్న ఉదాహరణగా కాక, మనుషులు చేసిన, కావాలంటే మనుషులు సరిదిద్దగల విషయంగా విద్యార్థి ముందు నిలుస్తుంది.

8. ముగింపు:

ఇటీవలి సంవత్సరాలలో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఆంగ్లం. తెలుగు పుటలోని పదం అర్థం కానప్పుడు విద్యార్థి చూపు ఎదుటి పుటకు పోతుంది; శాస్త్రం తెలుగులో కష్టమన్న అభిప్రాయం అక్కడ బలపడుతుంది. ‘వ్యవస్థాపనం’ కష్టమైతే ఆ కష్టాన్ని తెలుగు ఖాతాలో రాస్తున్నారు. ‘పేరుకోవడం’ కూడా తెలుగేనన్న సంగతి ఎవరూ చెప్పడం లేదు.

పారిభాషిక పదాల ధ్వనిని పునఃపరిశీలించడం, ప్రతి పదం పక్కన దాని వ్యవహార రూపాన్ని నిలపడం, తద్ధర్మక్రియను నిత్యసత్యాలకు పరిమితం చేసి జరిగిన వాటికి భూతకాలాన్నీ కర్తనూ తిరిగి ఇవ్వడం, అభినందన స్థానంలో పరిశీలనను అడగడం – ఈ నాలుగూ ఈ పరిశీలన నుంచి తేలిన సూచనలు. వీటిలో ఏ ఒక్కటీ సిలబస్‌ను పెంచదు. జవాబు రాసే విద్యార్థికి మార్కులు తగ్గించదు. జీవులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయని నిర్వచనం రాసిన చేయి, ఏది దేని మీద ఎలా ఆధారపడిందో కూడా రాయగలిగితే, ఆ పాఠం జవాబుపత్రంతో పాటు పిల్లవాడి దగ్గర కూడా మిగులుతుంది.